ఏపీ లిటరేచర్‌లో మొదటి ఎస్సేకి ఆరుకి రెండు. ఈ క్లాసులో అసలు ఏం అడుగుతారండీ?

ప్రశ్న: సీనియర్ అమ్మ

నమస్కారమండీ. ఏపీ అంటే మన ఏపీ కాదు, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ ఏపీ, ఇక్కడ అమెరికాలో హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి క్లాసు. ముందే చెప్పేస్తున్నా, పోయినసారి ఇలాగే పోస్టు పెడితే సగం మంది రాజధాని గురించి కొట్టుకున్నారు.

మా అమ్మాయి పన్నెండో గ్రేడు. పోయినేడు ఏపీ లాంగ్వేజ్ తీసుకుని బాగానే గట్టెక్కింది. ఈ ఏడు ఏపీ ఇంగ్లీష్ లిటరేచర్ అండ్ కాంపొజిషన్. బడి తెరిచి మూడు వారాలైంది. మొదటి ఎస్సే, తోట మీద ఒక సానెట్ (పద్నాలుగు పంక్తుల కవిత) ఇచ్చి రాయమన్నది, నిన్న తిరిగొచ్చింది. ఆరుకి రెండు. పిల్ల ఇక్కడే పుట్టింది, నాలుగేళ్లప్పటి నుంచి పుస్తకం వదలదు, డిన్నర్ టేబుల్ దగ్గర నా ఇంగ్లీషు దిద్దుతుంది. అలాంటిదానికి ఇంగ్లీషులో రెండేంటో నాకు అంతు పట్టడం లేదు.

పేపరు తీసుకుని చూశా. ఒక్క స్పెల్లింగ్ తప్పు లేదు, గ్రామర్ తప్పు లేదు. మూడు పేజీలు, అందంగా ఉంది కూడా. టీచర్ ఎర్ర ఇంకు కూడా వాడలేదు, పెన్సిలుతో మార్జిన్‌లో "సో వాట్?" అని రాశారు. ఒకచోట కాదు, నాలుగు చోట్ల. "అయితే ఏంటి?" అని నాలుగుసార్లు! నాకైతే మండింది. పిల్ల రాసినదానికి అయితే ఏంటి అనడమేంటండీ? మా అమ్మాయి మాత్రం "అమ్మా, అది తిట్టు కాదు" అని లోపలికెళ్లి తలుపేసుకుంది.

మొదటి వారమే ఒక కాగితం ఇంటికి పంపి సంతకం పెట్టించుకున్నారు. అప్పుడు సరిగ్గా చదవలేదు, ఇప్పుడు చదువుతున్నా. వేసవిలో రెండు నవలలు చదివి మార్జిన్లలో నోట్సు రాసుకురావాలి (అది చేసింది). రెండు వారాలకోసారి క్లాసులో టైము పెట్టి ఎస్సే, చేత్తోనే. ఇంటి దగ్గర రాసే పెద్ద వ్యాసాలు ఎంఎల్ఏ ఫార్మాట్‌లో (వ్యాసం, ఆధారాలు ఎలా రాయాలో చెప్పే ఒక పద్ధతి). ఆలస్యమైతే రోజుకి పది శాతం కోత. ఏఐతో రాయిస్తే సున్నా, పైగా ఆఫీసుకి రిపోర్టు. చర్చకి పదిహేను శాతం మార్కులు. చివర్లో ఒక వాక్యం: "ఈ క్లాసులో కథ సారాంశం చెప్పడానికి మార్కులుండవు." మరి దేనికుంటాయో మాత్రం రాయలేదు!

నేను ఇంటర్ దాకా ఇంగ్లీషు చదివింది గైడు చూసి. వ్యాసం అంటే ఉపోద్ఘాతం, విషయం, ముగింపు. ఇక్కడ సాయం చెయ్యడానికి నాకు దారే తెలియడం లేదు. అడగాల్సినవి ఇవి. ట్యూటర్‌ని పెట్టాలా? వొకాబ్యులరీ జాబితాలు బట్టీ పట్టించాలా? లేక మామూలు ఇంగ్లీష్ 12కి మార్చేయాలా? మారడానికి ఇంకా ఎనిమిది రోజులే గడువుంది. డ్రాప్ ఫారం ఫ్రిజ్ మీద మాగ్నెట్ కింద ఉంది.

జవాబు: జీపీఏ నాన్న

మార్చేయండి. మా వాడికి ఇదే జరిగింది, మేం లాగీ లాగీ డిసెంబరులో ఏడ్చాం. సీనియర్ ఇయర్‌లో మొదటి సెమిస్టర్ గ్రేడ్లు కాలేజీలకి మిడ్-ఇయర్ రిపోర్టులో వెళ్తాయి. ఆరుకి రెండంటే 33 శాతం, అంటే ఎఫ్. పిల్ల కంప్యూటర్ సైన్సుకి వెళ్తుందా? అయితే తోటల మీద సానెట్లతో ఏం పని చెప్పండి? ఏపీ పరీక్ష మార్కుకి కాలేజీలో క్రెడిట్ వస్తుందని ఆశ పడకండి, కొన్ని కాలేజీలు అయిదుకి 4 వస్తే ఇస్తాయి, కొన్ని 5 వస్తేనే, కొన్ని అసలివ్వవు. పరీక్ష ఫీజు దండగ. లాంగ్వేజ్ అయిపోయింది కదా, అది చాలు.

జవాబు: పబ్లిక్ స్కూల్ ఇంగ్లీష్ టీచర్

సీనియర్ అమ్మ గారూ, ఫారం మీద ఇవాళే సంతకం చెయ్యకండి. నేను ఇక్కడ ఒక పబ్లిక్ హైస్కూల్లో పదహారేళ్లుగా ఇంగ్లీషు చెప్తున్నాను, అందులో పదకొండేళ్లు ఈ క్లాసే. మీ టీచర్ రాసిన "సో వాట్?" నేను ఎన్నిసార్లు రాశానో లెక్క లేదు. ఈమధ్య ఎస్, డబ్ల్యూ అని రెండక్షరాలు గీకి వదిలేస్తున్నా. అది అవమానం కాదండీ. ఈ క్లాసు అడిగేదంతా ఆ ఒక్క ప్రశ్నే.

ముందు జీపీఏ నాన్న గారి లెక్క సరిచేస్తాను. ఆరుకి రెండు అంటే 33 శాతం కాదు. అది ఏపీ పరీక్షలు పెట్టే కాలేజ్ బోర్డు వాళ్ల రూబ్రిక్, అంటే మార్కులు వేసే కొలత. 2019 పరీక్ష దాకా ఒక్కో ఎస్సేకి తొమ్మిది దాకా స్కోరుండేది, మొత్తం చదివి ఒక అంకె వేసేవాళ్లం. 2019–20 నుంచి ఆరు పాయింట్లు చేసి మూడు ముక్కలుగా విడగొట్టారు. థీసిస్‌కి (వ్యాసం నిలబెట్టే అసలు మాట) ఒకటి, ఎవిడెన్స్ అండ్ కామెంటరీకి (ఆధారాలు, వాటి మీద వివరణ) నాలుగు, సొఫిస్టికేషన్‌కి (ఆలోచనలో లోతు) ఒకటి. క్లాసు గ్రేడ్‌కి దాన్ని ఎలా మారుస్తారన్నది ఆ టీచర్ ఇష్టం. నా క్లాసులో సెప్టెంబరులో రెండు వస్తే అది సి చుట్టుపక్కల పడుతుంది, తిరగరాస్తే పెరుగుతుంది. మీ టీచర్‌ని అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: "ఈ రెండు గ్రేడ్‌బుక్‌లో ఎంతగా ఎక్కుతుంది, రీరైట్ ఉందా?" మీరు కాదు, అమ్మాయే అడగాలి. సీనియర్ పిల్ల తరఫున అమ్మ ఈమెయిల్ రాస్తే నాకైతే కొంచెం ఇబ్బందిగా ఉంటుంది.

మీ అమ్మాయికి వచ్చిన రెండులో ఒకటి థీసిస్‌ది అయ్యుంటుంది, రెండోది ఎవిడెన్స్‌లోది. అంటే నాలుగులో ఒకటే వచ్చిందన్నమాట. మూడు పేజీలు, తప్పుల్లేని ఇంగ్లీషు, నాలుగు చోట్ల సో వాట్. చూడకుండానే చెప్పగలను, ఆ పిల్ల కవితలో ఏముందో చెప్పింది, ఏ అలంకారం ఎక్కడుందో కూడా పట్టుకుంది. అది అక్కడెందుకుందో చెప్పలేదు.

ఇది మాటల్లో చెప్తే ఎక్కదు. ఇప్పటికిప్పుడు నేనే కల్పించిన రెండు వాక్యాలు తీసుకుందాం, తెలుగులోనే:

"నాన్న వచ్చి, వాచీ తీసి బల్ల మీద బోర్లించాడు. అన్నం పెట్టమనలేదు."

దీని మీద ముగ్గురు పిల్లలు రాశారనుకోండి.

మొదటివాడు: "నాన్న ఇంటికి వచ్చి వాచీ తీసి పక్కన పెట్టాడు. ఆయన బాధగా ఉన్నాడు." ఇది సారాంశం. మీ కాగితంలో మార్కులుండవు అన్నది దీనికే.

రెండోవాడు: "రచయిత ఇక్కడ ఇమేజరీ, క్లుప్తమైన వాక్యనిర్మాణం వాడి నాన్న బాధను పాఠకుడికి శక్తిమంతంగా అందించారు." ఇది వినడానికి గొప్పగా ఉంటుంది. మన పిల్లలు ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. ఇమేజరీ ఉంది, నిజమే. అయితే ఏంటి? ఈ వాక్యాన్ని కోసి ఏ పుస్తకం మీద వ్యాసంలో అతికించినా అతుక్కుంటుంది. అలా ఎక్కడైనా అతుక్కునే వాక్యం ఎక్కడా పనికి రాదని నేను క్లాసులో చెప్తుంటాను.

మూడోవాడు "బోర్లించాడు" దగ్గర ఆగాడు. పెట్టాడు అనొచ్చు, పడేశాడు అనొచ్చు. బోర్లించడం అనేది మనం గిన్నెకి వాడే మాట. కడిగేసి, ఇక దీంతో ఇవాళ్టికి పని లేదనుకున్నప్పుడు బోర్లిస్తాం. వాచీని బోర్లిస్తే టైము కనపడదు. అంటే రేపు ఈ గంటకి వెళ్లాల్సిన చోటు ఆయనకి లేకుండా పోయిందేమో. తర్వాత "అన్నం పెట్టమనలేదు". జరగనిదాన్ని చెప్పాల్సిన అవసరం ఎప్పుడొస్తుంది? రోజూ జరిగేది ఇవాళ జరగనప్పుడు. కాబట్టి ఈ మాట చెప్తున్నది ఆ ఇంట్లో రోజూ ఆయన రాకను చూసే మనిషి. ఉద్యోగం పోయింది అని కథలో ఎక్కడా లేదు. వీడు మాత్రం రెండు క్రియల్లోంచి దాన్ని లాగాడు, లాగినట్టు కాగితం మీద చూపించాడు. నాలుగుకి నాలుగు దారి ఇదే.

గమనించారా, మూడోవాడు ఒక్క పెద్ద పదం వాడలేదు. ఇమేజరీ అనే మాటే ఎత్తలేదు. వొకాబ్యులరీ జాబితాలకి జవాబు అదేనండీ, వద్దు. మా దగ్గరికి "మిరియడ్", "ప్లెథొరా" అని వచ్చే వ్యాసాలు చదువుతుంటే వేసవి పెళ్లిలో పట్టుపంచె కట్టించిన కుర్రాణ్ని చూసినట్టుంటుంది. వాడికీ ఊపిరాడదు, చూసేవాళ్లకీ ఆడదు. పేర్లు తెలియాలి, డిక్షన్ (మాటల ఎంపిక), సింటాక్స్ (వాక్యనిర్మాణం), టోన్ (గొంతు తీరు), కవితలో ఎంజాంబ్‌మెంట్ (వాక్యం పంక్తి దాటి కిందికి సాగడం) వగైరా. అవి వడ్రంగి సంచీలో పనిముట్లు. బల్ల చూపించకుండా సంచీ చూపిస్తే డబ్బులెవరిస్తారు?

ఇక మే నెలలో పరీక్ష ఎలా ఉంటుందంటే, మొత్తం మూడు గంటలు. మొదటి గంట 55 మల్టిపుల్ చాయిస్ ప్రశ్నలు, అది 45 శాతం. తర్వాత రెండు గంటల్లో మూడు ఎస్సేలు, 55 శాతం. ఒకటి ఇచ్చిన కవిత మీద, రెండోది ఇచ్చిన వచన భాగం మీద, మూడోది ఏ భాగమూ ఇవ్వకుండా పిల్ల చదివిన పుస్తకాల్లోంచి తనే ఒకటి ఎంచుకుని రాయాలి. అంటే ఎస్సేకి నలభై నిమిషాలు, చదవడంతో కలిపి. 2025 నుంచి ఈ పరీక్ష కంప్యూటర్‌లోనే, బ్లూబుక్ అనే యాప్‌లో. మీ టీచర్ చేత్తో రాయిస్తున్నారంటే అది పరీక్ష కోసం కాదు, ఏఐ కోసం. నేనూ అదే చేస్తున్నాను. పిల్లల చేతిరాత చదివీ చదివీ నా కళ్లు ఈ రెండేళ్లలోనే పాడయ్యాయి.

పోయినేడు లాంగ్వేజ్ గట్టెక్కింది, ఇక్కడ తన్నుకుంటోంది అన్నారు. ఇది చాలామందికి జరుగుతుంది. ఆ క్లాసులో చదివేది ఎక్కువగా వ్యాసాలు, ప్రసంగాలు, ఉత్తరాలు. ఒక మనిషి ఇంకొకరిని ఒప్పించడానికి ఏం చేశాడో చూడాలి. ఇచ్చిన ఆధారాల్లో కనీసం మూడు వాడి సింథసిస్ ఎస్సే రాయాలి. వాదన బుర్ర ఉన్న పిల్లలకి అది సుఖం. లిటరేచర్‌లో కవి మనల్ని ఒప్పించడానికి రాడు. ఆయన ఏం చెప్తున్నాడో ఆయనే సగం దాస్తాడు. అక్కడ "రచయిత మనల్ని ఒప్పిస్తున్నారు" అని పాత అలవాటుతో రాస్తే బోర్లా పడతారు.

ఏం చదివిస్తారన్నది ఒక్కో బడిలో ఒక్కోలా ఉంటుంది. కాలేజ్ బోర్డు తప్పనిసరి పుస్తకాల జాబితా ఇవ్వదు. టీచర్ తన సిలబస్ రాసి వాళ్ల ఆడిట్‌లో ఆమోదం తెచ్చుకోవాలి, అంతే. నా క్లాసులో ఏడాదికి రెండు నాటకాలు, నాలుగు నవలలు, ఒక ముప్పై కవితలు అవుతాయి. పరీక్షలో మూడో ఎస్సేకి ఒక పెద్ద జాబితా ఇస్తారు గానీ అందులోంచే రాయాలని లేదు.

నోట్సు గురించి ఒక మాట. పిల్లలు హైలైటర్‌తో పేజీ పేజీ పసుపు పూసి తెస్తారు, ఏదో శుభకార్యంలా. అది అన్నోటేషన్ కాదు. మార్జిన్‌లో ఒక ప్రశ్న ఉండాలి. "ఈ మాట ఇందాక కూడా వచ్చింది, ఎందుకు?" పేజీకి అలాంటిది ఒక్కటి ఉన్నా నాకు చాలు. నేను పూర్తి మార్కులు వేస్తాను.

అన్నిటికన్నా మన పిల్లలకి కష్టమయ్యేది చర్చ. సోక్రటిక్ సెమినార్ అంటారు. పిల్లలంతా గుండ్రంగా కూర్చుంటారు, టీచర్ నోరు మూసుకుంటుంది. మన పిల్లలు ఇంట్లో బాగా మాట్లాడతారు, అక్కడ మాత్రం సరైన జవాబు దొరికేదాకా ఆగుతారు. ఆగేలోపు గంట అయిపోతుంది. అక్కడ సరైన జవాబు ఎవరూ అడగడం లేదు. "నాకు ఈ లైను అర్థం కాలేదు, ఎందుకంటే..." అన్నా మార్కులే. ఇంకొకరు చెప్పినదాన్ని పట్టుకుని "అవును, కానీ" అన్నా మార్కులే.

ట్యూటర్ సంగతి. ఇప్పుడే వద్దు. ట్యూటర్లు చాలామంది ముందు టెంప్లేట్ ఇస్తారు, ఐదు పేరాల వ్యాసం, మొదటి పేరాలో ఇది, రెండో పేరాలో ఇది అని. ఆ అచ్చులోంచి మీ అమ్మాయి బయటికి రావాలనే ఈ టీచర్ తంటాలు పడుతున్నారు. సొఫిస్టికేషన్ పాయింట్ సంగతి అసలు మర్చిపొండి, దాని వెంట పడితే మిగతా ఐదూ జారిపోతాయి.

మీరు చెయ్యగలిగింది ఒకటుంది. దానికి ఇంగ్లీషు లిటరేచర్ అక్కర్లేదు. ఎస్సే మీరు చదవకండి, దిద్దకండి. అమ్మాయిని పైకి చదవమనండి. ప్రతి పేరా చివర "అయితే?" అని అడగండి, అంతే. విసుక్కుంటుంది. విసుక్కుని చెప్పే జవాబు రాసుకోమనండి, చాలాసార్లు అసలు వ్యాసం అందులో ఉంటుంది.

జవాబు: రిటైర్డ్ తెలుగు లెక్చరర్

అమ్మా, నేను కొడుకు దగ్గరికి ఆరు నెలలకి వచ్చిన ముసలివాణ్ని. మనవరాలి కోసం ఈ సైటు చూస్తుంటాను. టీచరమ్మ గారు రాసింది చదివి నవ్వుకున్నాను. ముప్పై ఏళ్లు డిగ్రీ కాలేజీలో నేను దిద్దిన పేపర్లలో ఇదే గొడవ. సందర్భసహిత వ్యాఖ్యలు ఇచ్చేవాళ్లం. కవి ఎవరు, సందర్భం ఏమిటి, భావం ఏమిటి, చివర విశేషం. మొదటి మూడూ గైడులో దొరుకుతాయి, పిల్లలు అచ్చు గుద్దినట్టు రాసేవారు. విశేషం దగ్గరికి వచ్చేసరికి "కవి చాలా చక్కగా వర్ణించాడు" అని ఒక లైను. ఏమిటిరా చక్కగా, ఎక్కడరా చక్కదనం అని ఎర్రసిరాతో రాసీ రాసీ విసిగిపోయాను. మీ టీచర్ గారి సో వాట్ అదేనమ్మా.

మన మల్లినాథసూరి కాళిదాసుకి వ్యాఖ్యానం రాస్తూ మొదట్లోనే షరతు పెట్టుకున్నాడు. మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని. వాచీ బోర్లించిన ఉదాహరణలో ఉద్యోగం పోయిందని ఊరికే అంటే మూలంలో లేనిది రాసినట్టు. బోర్లించాడన్న మాటలోంచి తీసి చూపిస్తే మూలంలో ఉన్నట్టు. మనవరాలికి ఈ సంగతి చెప్తే "తాతయ్యా, మల్లినాథకి ఆరు పాయింట్లు వస్తాయా?" అంది. సొఫిస్టికేషన్ కూడా వస్తుందన్నాను.

జవాబు: పోయినేడే రాశాను

హలో ఆంటీ. నేను ఇప్పుడు కాలేజ్ ఫస్ట్ ఇయర్. తెలుగు రాయడం లాక్‌డౌన్‌లో అమ్మమ్మ నేర్పింది, తప్పులుంటే సారీ.

నాకు మొదటి ఎస్సేకి వచ్చింది కూడా రెండే. రెండోదానికి మళ్లీ రెండు! మూడోది మా అమ్మ ఎడిట్ చేసింది, బాగా స్మూత్‌గా చేసింది, దానికి కూడా రెండే. టీచర్ పిలిచి "ఈ వాక్యాలు నీవి కావు, నీ తప్పులు ఎక్కడికి పోయాయి?" అని అడిగారు. నేను చచ్చిపోయాను. సో ఆంటీ, ప్లీజ్ ఎడిట్ చెయ్యకండి.

నాకు మారింది రీరైట్స్ వల్ల. నవంబర్‌లో ఒకే ఎస్సే నాలుగుసార్లు రాశాను. నాలుగోసారికి మొదటి డ్రాఫ్ట్‌లోది ఒక్క వాక్యమే మిగిలింది, అది కూడా మూడో పేరా చివరి వాక్యం. అదే నా థీసిస్ అని అప్పటిదాకా నాకు తెలియలేదు. అది పైకి వెళ్లింది, మిగతాది అంతా చెత్తబుట్టకి.

ఇంకొకటి, మూడో ఎస్సే కోసం పది పుస్తకాలు ప్రిపేర్ అవ్వొద్దు. నేను నాలుగే పెట్టుకున్నాను. రెండు నవలలు, ఒక నాటకం, ఒకటి నాకు నిజంగా కోపం తెప్పించిన పుస్తకం. పరీక్షలో నేను రాసింది ఆ కోపం పుస్తకం మీదే. ఎందుకంటే అందులో సీన్లు నాకు బట్టీ పట్టకుండానే గుర్తున్నాయి.

సెమినార్ విషయంలో టీచర్ గారు చెప్పింది నూటికి నూరు నిజం. నేను అక్టోబర్ దాకా ఒక్క మాట మాట్లాడలేదు. అప్పుడు ఫ్రెండ్ ఒక ట్రిక్ చెప్పింది. మొదటి మూడు నిమిషాల్లోనే ఏదో ఒకటి అనెయ్యి, పేజీ నంబర్ చదివినా సరే. ఒకసారి నోరు తెరిస్తే తర్వాత తెరుచుకుంటుంది. నేను ఇప్పుడు చదివేది కంప్యూటర్ సైన్సే అంకుల్, జీపీఏ నాన్న గారూ. డిజైన్ డాక్యుమెంట్ రాసినప్పుడు మా ప్రొఫెసర్ మార్జిన్‌లో ఏం రాశారో చెప్పనా?

జవాబు: జీపీఏ నాన్న

సరే, సరే, అర్థమైంది. అయినా ఒక ప్రాక్టికల్ మాట చెప్పనివ్వండి. మార్చినా మార్చకపోయినా, కాలేజీ అప్లికేషన్లలో ఈ క్లాసు పేరు పెట్టేశాక డ్రాప్ చేస్తే ఆ కాలేజీలకి తెలియజెయ్యాలి. కాబట్టి ఏదైనా నవంబరు ఒకటి ఎర్లీ అప్లికేషన్ గడువు లోపే తేల్చుకోండి. ఇది మాత్రం నేను ఏడ్చి నేర్చుకున్నది.

జవాబు: సీనియర్ అమ్మ

అందరికీ థాంక్సండీ. నిన్న రాత్రి గిన్నెలు సర్దుతూ ప్రయత్నించాను. ముందు అమ్మాయి ఒప్పుకోలేదు. "నీకు కవిత అర్థం కాదమ్మా" అంది. అర్థం కాదు కాబట్టే చదవమన్నాను.

కవిత ఏమిటంటే, చుట్టూ గోడ ఉన్న ఒక తోట. ముసలాయన ఒకడు దాన్ని చూసుకునేవాడు, ఆయన పోయాక తోట అడవి అయిపోతుంది. పద్నాలుగు పంక్తులు. మా పిల్ల రెండో పేరాలో ఇలా రాసింది: "మొదటి ఎనిమిది పంక్తుల్లో ప్రతి పంక్తీ పూర్తి వాక్యం. తొమ్మిదో పంక్తి నుంచి కవి ఎంజాంబ్‌మెంట్ వాడారు, దీనివల్ల కవితకు ప్రవాహం వచ్చింది." పక్కనే పెన్సిలుతో సో వాట్.

"అయితే?" అన్నాను.

"అయితే ఏంటమ్మా, వాక్యం పంక్తి చివర ఆగకుండా కింద పంక్తిలోకి దూకుతుంది, అదే ఎంజాంబ్‌మెంట్."

"అయితే?"

"అయితే అంటే, ముసలాయన ఉన్నంతసేపు అన్నీ ఎక్కడివక్కడ..." అని ఆగింది. ప్లేటు చేతిలోనే ఉంది. "ఆయన పోయాక తీగలు గోడ దూకుతాయి. వాక్యాలు కూడా దూకుతున్నాయి."

నాకు ఒళ్లు జలదరించింది, అబద్ధం ఎందుకు. "మరి అది రాయలేదేమే?" అంటే, "అందరికీ కనపడుతుంది కదా అనుకున్నా" అంది. నాకైతే కనపడలేదు, ఇరవై ఏళ్లుగా సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే ఉద్యోగం చేస్తున్నదాన్ని.

ఇవాళ పొద్దున టీచర్‌ని తనే అడిగింది. రీరైట్ ఉందట, వచ్చే శుక్రవారం గడువు, రెండిట్లో ఎక్కువ వచ్చిందే ఎక్కిస్తారట. ఫారం ఇంకా ఫ్రిజ్ మీదే ఉంది. గడువు దాకా ఉండనీ.

టీచర్ గారూ, ఒక్క సందేహం. తీగలు గోడ దూకడం, వాక్యాలు పంక్తి దూకడం అన్నది పిల్ల ఊహ అనేసి మీ బోటివాళ్లు కొట్టెయ్యరు కదా?

జవాబు: పబ్లిక్ స్కూల్ ఇంగ్లీష్ టీచర్

అది ఒక్క వాక్యంగా రాసి వదిలేస్తే ఊహ అనే అంటాను. ఏ పంక్తి ఏ మాట దగ్గర విరిగిందో చూడమనండి. విరిగిన చోట "గోడ", "అంచు", "హద్దు" లాంటి మాట ఒక్కటైనా దొరికితే అక్కడి నుంచి మొదలెట్టమనండి. దొరక్కపోతే ఏ మాట మీద విరిగిందో అదే పట్టుకోమనండి. మొదటి ఎనిమిది పంక్తుల్లోనూ ఒక్కటైనా నియమం తప్పిందేమో వెతకమనండి. ముసలాయన బతికుండగానే ఒక తీగ దూకి ఉంటే వ్యాసం ఇంకో దారి పడుతుంది.